పుస్తకం మూశాడు, పట్టుకోండి!

మార్చి వచ్చిందంటే మా గన్నవరంలో విమానాల మోత కంటే చదువుల మోతే ఎక్కువ. పదో తరగతి పిల్లలున్న ప్రతి ఇంట్లో తెల్లవారుజామున నాలుగింటికే లైటు వెలుగుతుంది. అది వెలగడమే ముఖ్యం. దాని కింద కునికిపాట్లు పడేవాడు ఎదురింటివాళ్లకు కనబడడు కదా!

మా అన్నయ్య కొడుకు ఈ ఏడు పది. వాడి సోషల్ పుస్తకం తెరిస్తే హోలీ అందులోనే ఆడారనిపించింది. ముఖ్యమైనవాటికి పసుపు, మరీ ముఖ్యమైనవాటికి గులాబీ, 'ఇది గ్యారంటీరా' అని ట్యూషన్ మాస్టారు ఒట్టేసినవాటికి ఆకుపచ్చ.

"ఎన్నోసారిరా ఇది?"

"ఐదో రివిజన్ బాబాయ్."

"మరి కృష్ణానది ఎక్కడ పుట్టిందో చెప్పు."

"కుడివైపు పేజీలో, కింద, పసుపు రంగులో ఉంది బాబాయ్!"

మహాబలేశ్వరం పాపం, ఆ రంగు కింద ఎక్కడో మునిగిపోయింది.

అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఈ సంగతే తేల్చారు. విద్యార్థుల చేత ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు. ఇంకో పాఠాన్ని ఒక్కసారే చదివించి, పుస్తకం తీసేసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత రెండుసార్లు చదివిందే ఎక్కువ గుర్తుంది. వారం గడిచేసరికి లెక్క తిరగబడింది: రాసి చూసుకున్నది 56 శాతం, తిరిగి చదివింది 42 శాతం. మన పరీక్ష ఐదు నిమిషాల తర్వాత ఉండదు, అదే చిక్కు.

అయినా ఇంతోటిదానికి అమెరికా దాకా ఎందుకు? బందరులో తెలుగు పండితుడిగా పనిచేసిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు తిరుపతి శాస్త్రిగారితో కలిసి శతావధానాలు చేశారు. పద్యం అడిగినవాళ్లలో ఒకరికి మొదటి పాదం చెప్పి, మిగతా అందరినీ చుట్టి వచ్చాకే రెండో పాదం. చివర ధారణ: అన్ని పద్యాలూ కాగితం లేకుండా అప్పజెప్పాలి. వారి చేతిలో హైలైటర్ ఉన్నట్టు ఎవరూ రాయలేదు.

అప్పజెప్పడం! ఎంత పాత మాట! ఇప్పుడు పిల్లల్ని హాస్టల్‌కు అప్పజెబుతున్నాం, డబ్బు ఫీజు కౌంటర్లో అప్పజెబుతున్నాం. పాఠం అప్పజెప్పించుకునే తీరిక మాత్రం లేదు.

సరే, మావాడికి చిట్కా చెప్పాను: చదివాక పుస్తకం మూసి, నీకు నువ్వే అప్పజెప్పుకో, రెండు రోజులాగి మళ్లీ అప్పజెప్పుకో. ఆ సాయంత్రం వాడు డాబా మీద పుస్తకం మూసి, ఆకాశంలోకి చూస్తూ పెదాలు కదుపుతున్నాడు. పైన విమానం దిగుతోంది. సరిగ్గా అప్పుడే మా అన్నయ్య వచ్చాడు.

"లక్షలు పోసింది విమానాలు లెక్కపెట్టడానికా?"

ఇప్పుడు వాడు పుస్తకం తెరిచే ఉంచి, దాని వెనక నిద్రపోతున్నాడు. ఇంట్లో అందరికీ ప్రశాంతంగా ఉంది.

అయ్యా, అమ్మా! పరీక్షలయ్యేదాకా మీ పిల్లలు పుస్తకం మూసి దిక్కులు చూస్తుంటే, ఒక్క ఐదు నిమిషాలు కేకలేయకండి. ఆ తర్వాత పక్కన కూర్చుని, "ఏదీ, అప్పజెప్పు" అనండి. ఫోను కాసేపు పక్కన పెట్టి.