నూరు బోర్డులు, మూడు గ్రేవీలు

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగిన మనిషి చేతిలో రెండు కాగితాలు పడతాయి. ఒకటి జావా నేర్పిస్తామంటుంది, రెండోది అన్‌లిమిటెడ్ థాలీ పెడతామంటుంది. నా వయసుకి జావాతో పనిలేదు. థాలీ కాగితం మాత్రం ఇంటిదాకా వస్తుంది, ఆదివారం పంచాయతీకి అదే మూలం.

మా ఆవిడకి ఇంట్లో చెయ్యనిది కావాలి. మా అబ్బాయికి మండీ కావాలి, అదీ కిందకూర్చుని ఒకే పళ్లెంలో తినేది. మా మావగారికి ఏం పెట్టినా చివర్లో పెరుగన్నం పడాలి. పెరుగు లేని హోటల్ ఆయన దృష్టిలో హోటల్ కాదు, రైల్వే ప్లాట్‌ఫారం. నాకు మాత్రం బిల్లు చూశాక కూడా తిన్నది అరగాలి.

ఇలాంటి కుటుంబాల కోసమే మల్టీ క్యూజిన్ రెస్టారెంట్లు పుట్టాయి. అక్కడ మెనూకార్డు పెళ్లి ఆల్బమంత ఉంటుంది, ఫొటోలతో సహా. నార్త్ ఇండియన్, చైనీస్, తందూరీ, ఆంధ్రా స్పెషల్స్. ఎవరికి కావలసింది వారికి ఉంటుందనుకుంటాం. ఓసారి వంటగదిలోకి తొంగిచూస్తే తెలుస్తుంది: పొద్దున్నే వండి బకెట్లలో పెట్టుకున్న గ్రేవీలు మూడు. ఉల్లిపాయ, టమాటాలతో ఎర్రది, జీడిపప్పు, పుచ్చగింజలతో తెల్లది, పాలకూరతో పచ్చది. ఎర్రదాంట్లో వెన్న వేస్తే బటర్ మసాలా, క్యాప్సికమ్ వేస్తే కడాయి, కారం పెంచితే కొల్హాపురీ. పనీర్ ఎలాగూ మూడింట్లో ఒకటే. వంట మాస్టారిని తప్పుపట్టలేం. రెండొందల ఐటమ్‌లలో మనం ఏది అడిగినా పావుగంటలో బల్లమీదికి రావాలంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఇక చైనీస్ సంగతి సరేసరి. మంచూరియా 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ చేతిలో పుట్టిందని చెబుతారు. అది చైనా మొహం ఎరుగదు. మనమూ ఎరగం కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

సెల్‌ఫోన్‌లో తెప్పించుకుంటే వెరైటీ ఉంటుందని మా అబ్బాయి వాదన. పోయినవారం పంజాబీ ధాబా పేరుతో, ఈవారం లక్నో నవాబు పేరుతో తెప్పించాడు. డబ్బా అదే, మూత అదే, చక్రాల్లా తరిగిన ఉల్లిపాయా అదే. ఒకే వంటింటికి నాలుగైదు పేర్లు పెట్టుకుని అమ్మడం ఇప్పుడు మామూలే. వెరైటీ అంతా పేర్లు పెట్టేవాడి బుర్రలో ఉంది, పొయ్యి మీద లేదు.

దీనికంతటికీ కారణం అద్దె అని నా గట్టి నమ్మకం. మెయిన్ రోడ్డు మీద గ్రౌండ్ ఫ్లోర్ తీసుకున్నవాడు ఆ అద్దె కట్టాలంటే దారినపోయే ప్రతివాడూ లోపలికి రావాలి. ప్రతివాడికీ నచ్చాలంటే ఎవరికీ గుచ్చుకోకుండా వండాలి. సందులో మెస్ పెట్టినవాడికి ఆ బెడద లేదు. ఎస్ఆర్ నగర్ హాస్టళ్లలో తన జిల్లా కుర్రాళ్లు ఓ యాభైమంది ఉంటే చాలు, మీకూ నాకూ నచ్చాల్సిన పనిలేదు.

అందుకని అసలు వెరైటీ చవక సందుల్లోనే దాక్కుంది. కోచింగుకి రెండు రాష్ట్రాల నుంచీ పిల్లలొస్తారు. హాస్టల్ సాంబారు తిన్న మూడోనాటికి ఇంటిమీద బెంగ పట్టుకుంటుంది. ఆ బెంగే ఇక్కడి మెస్‌లకి పెట్టుబడి. ఒకచోట గుంటూరు గోంగూర, ఇంకోచోట నెల్లూరు చేపల పులుసు, ఆ పక్కన రాగిసంగటి. సాయంత్రమైతే రోడ్డువార పొయ్యి పెట్టి ఓ పెద్దమ్మ జొన్నరొట్టెలు కొడుతూ ఉంటుంది. ఆవిడ దగ్గర మెనూకార్డు లేదు. "ఎన్ని?" అని అడుగుతుంది, అంతే. ఆ మూల కర్రీ పాయింట్. గదిలో కుక్కర్లో అన్నం పడేసుకున్న కుర్రాళ్లు రబ్బరుబ్యాండు వేసిన పప్పు పొట్లం, వేపుడు పొట్లం పట్టుకుపోతారు. ఇంతకన్నా చవక కావాలంటే 2014లో జీహెచ్‌ఎంసీ మొదలుపెట్టిన అయిదు రూపాయల భోజనం ఉంది. కాకపోతే అది ఆలస్యంగా లేచేవాళ్లకి దక్కదు.

మంచి చోటు పోల్చుకోవడానికి నాకు స్టార్లూ రేటింగులూ అక్కర్లేదు. మధ్యాహ్నం రెండింటికి వెళ్లి "దొండకాయ ఉందా?" అని అడుగుతాను. "అయిపోయింది సార్" అన్నాడా, ఆ మెస్‌కి జన్మంతా వెళ్లొచ్చు. ఏదీ ఎప్పటికీ అయిపోని హోటల్ని చూస్తే నాకు భయం. రాత్రి పదకొండింటికి కూడా రెండొందల ఐటమ్‌లూ ఉన్నాయంటే, అవి ఎప్పటినుంచి ఉన్నాయో ఆలోచించండి.

మేడమీది ఏసీ హాలు ఇంకో మాయ. 2017లో జీఎస్టీ వచ్చిన కొత్తల్లో ఏసీకి పద్దెనిమిది శాతం, నాన్ ఏసీకి పన్నెండు ఉండేది. ఆ నవంబరులో మామూలు హోటళ్లన్నిటికీ అయిదు చేశారు. పన్ను కిందా పైనా ఒకటైందిగాని, మేడమీది ఇడ్లీ ధర కిందికి దిగిరాలేదు. కూర్చోగానే "మినరల్ వాటరా, నార్మలా?" అని అడుగుతాడు. పక్కబల్ల వాళ్లకి వినపడేలా "నార్మల్" అనడానికి కొంత ధైర్యం కావాలి. మా మావగారికి అది పుష్కలంగా ఉంది. సూపు కూడా ఆయన వన్ బై టూ చెప్పి, రెండు కప్పుల్లోనూ సమానంగా వచ్చిందో లేదో వంగి మరీ చూస్తారు.

చివరికి పంచాయతీ ఇలా తేలింది. ఆదివారం అందరం కలిసి ఏ ఒక్క చోటికీ వెళ్లం. ఇంట్లో అన్నం వండుతాం. పెద్దమ్మ దగ్గర జొన్నరొట్టెలు మా ఆవిడకి, సింగిల్ బిర్యానీ అబ్బాయికి. మండీ పుట్టినరోజుకి వాయిదా. నెల్లూరు మెస్ నుంచి ఒక పార్సిల్ మీల్స్. అక్కడ కూర్చుని తింటే ఒకరికి, పార్సిల్ కడితే ముగ్గురికి వస్తుంది. ఈ లెక్క ఏ కోచింగ్ సెంటర్లోనూ చెప్పరు. పెరుగు కప్పులు ఎన్నొచ్చినా మావగారివే.

"మరి బయట తిన్నట్టు ఎలా అవుతుందండీ?" అంది మా ఆవిడ.

"గిన్నెలు నేను కడుగుతాలే," అన్నాను.

ఆవిడ వెంటనే ఒప్పుకుంది. మావగారు మాత్రం కళ్లజోడు సర్దుకుని, "అయితే అల్లుడుగారూ, సూపు కూడా తెప్పించండి," అన్నారు.