ఎప్పుడూ ఇబ్బంది పెట్టని బండి

బిలాస్‌పూర్‌లో పాత చిన్నకారు కొనదలచిన తెలుగువారు ముందు మెకానిక్ సంగతి మరిచిపోవాలి. మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్తే అమ్మేవాడి మనసు నొచ్చుకుంటుంది. అతను పరాయివాడా? వైర్‌లెస్ కాలనీలో ఉంటాడు. సోలాపురి మాత పూజలో మీ పక్కనే కూర్చుని ప్రసాదం తిన్నాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వాళ్ళ తాతా మీ తాతా విజయనగరం నుంచి ఒకే బండిలో వచ్చి ఇక్కడ దిగామని చెప్పుకునేవారు. అలాంటివాడి ఆల్టోని అటూ ఇటూ తట్టి చూడటం మర్యాదేనా? "బండి ఎలా ఉంది బావా?" అని అడగండి. "ఇన్నేళ్ళలో ఒక్కసారి ఇబ్బంది పెట్టలేదు బావా" అంటాడు. బేరంలోకి దిగిపోండి.

ఈ ఊళ్ళో గూడ్సు బండి కదలాలంటే బ్రేక్ పవర్ సర్టిఫికెట్ ఉండాలి. ఆ కాగితం చేతికి రాకపోతే లోకో పైలట్ కదలడు, గార్డుగారూ (ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అనాలట) పచ్చజెండా ఊపరు. ఇంజన్లో ఏ చిన్న తేడా వచ్చినా దిగేముందు లాగ్‌బుక్కులో రాసిపెడతారు. తర్వాత ఎక్కేవాడు అది చదువుకుని ఎక్కుతాడు. ఇదంతా డ్యూటీ. డ్యూటీ అలవాట్లు ఇంటికి తెచ్చుకోకూడదు. లోకో షెడ్డులో జీవితమంతా షెడ్యూలు తప్పకుండా ఇంజన్లు విప్పి బిగించిన పెద్దమనిషిని, సొంత కారుకి ఆయిల్ ఎప్పుడు మార్చారో అడిగి చూడండి. పైకప్పు వైపు చూస్తారు. అందుకే అడక్కండి. కంపెనీ వర్క్‌షాపులో బండి నంబరు చెబితే ఏ సంవత్సరం ఎన్ని కిలోమీటర్లప్పుడు సర్వీసుకి వచ్చిందో తెలిసే వీలుంటుంది. అది తెలిస్తే మీటరు మీద అనుమానం పుడుతుంది. అనుమానం బంధుత్వాలకి మంచిది కాదు.

మీటరు సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను. పద్నాలుగేళ్ళ బండికి మీటరులో 38 వేల కిలోమీటర్లే కనిపిస్తే సంతోషించండి. ఇంటి నుంచి జోనల్ ఆఫీసుకి, అక్కణ్ణుంచి బుధవారీ బజారుకి, ఎప్పుడైనా రతన్‌పూర్ మహామాయ గుడికి తప్ప బండి తీయలేదంటారు. నమ్మండి. అదే మనిషి టీ తాగుతూ, ప్రతి వేసవికీ పిల్లల్ని ఎక్కించుకుని విజయనగరం కార్లోనే వెళ్ళేవాళ్ళమని మురిసిపోతాడు. రానూపోనూ వెయ్యి కిలోమీటర్లు దాటే దారి. ఆ ప్రయాణాలకి మీటరు రాలేదనుకోండి. క్లచ్ పెడల్ రబ్బరు అరిగి ఇనుము తేలిందా, స్టీరింగు నున్నగా మెరుస్తోందా, డ్రైవరు సీటు ఒక పక్కకి కుంగిందా అని వంగి వంగి చూడొద్దు. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. పదకొండంకెల వాగన్ నంబర్లు గడగడా చదివే ఊరు మనది. ఆ నాలుగంకెల జోలికి మాత్రం పోకండి.

చూడటానికి సాయంత్రం ఏడు దాటాక వెళ్ళండి. వీధిదీపం వెలుగులో ఎడమ తలుపు రంగూ కుడి తలుపు రంగూ ఒక్కటే. అప్పటికే ఆయన బండిని ఒక చుట్టు తిప్పి ఇంజన్ వేడెక్కించి ఉంచుతారు, మీ కోసమే. తెల్లవారుజామున చల్లటి ఇంజన్ స్టార్టు చేయిస్తే నీలం పొగ వస్తుందో, లోపల గడగడ వినిపిస్తుందో, ఎందుకొచ్చిన గొడవ? ఆయిల్ మూత విప్పితే అడుగున మజ్జిగలా తెల్లగా పేరుకుని కనిపించవచ్చు. ఆయిల్లో నీరు కలుస్తోందేమోనని మెకానిక్ భయపెడతాడు. బిలాస్‌పూర్ మే నెల ఎండలకి బండికి ఆ మాత్రం చలవ ఉండాలి. ఆ ఎండల మాట తలుచుకున్నాక ఇంకో సలహా: కారు జనవరిలో కొనండి. ఏసీ వేసి చూడాలన్న ఆలోచనే రాదు.

ట్రయల్ రైల్వే కాలనీ చెట్ల నీడన, ముప్పై దాటకుండా, స్టీరింగు ఆయన చేతిలోనే ఉంచి చేయించండి. సీపత్ రోడ్డులో బొగ్గు లారీల వెనక నిలిచి బ్రేకు వేసి చూడటం, కెందా ఘాట్ ఎక్కించి వేడి ముల్లు ఎంతవరకు లేస్తుందో చూడటం అత్యాశ.

ఏ కారు కొనాలన్నది పెద్ద చర్చ. లోకమంతా మారుతీ ఆల్టో, వాగన్ ఆర్ అంటుంది. 1983 డిసెంబరులో మొదలైన మారుతీ 800ని 2014 జనవరి దాకా తయారు చేశారు. ఆల్టో 2000లో వచ్చింది. వీటిలో పెద్ద గొప్పేమీ లేదు. పల్చటి రేకు, సాదా ఇంజను. క్లచ్ కేబుల్ పెండ్రా రోడ్డులో తెగినా చాంపాలో తెగినా ఎవడో ఒక కుర్రాడు సాయంత్రానికి వేరేది వేసి పంపేస్తాడు, అంతే. అలా ఊరందరికీ ఉన్న బండి మనకెందుకు? దేశం వదిలి వెళ్ళిన కంపెనీ బండి చూసుకోండి. షెవర్లే కార్ల అమ్మకం 2017 చివరికి ఆగింది. ఫోర్డు 2021లో ఇక్కడ తయారీ మానుకుంటున్నట్టు ప్రకటించింది. డాట్సన్ 2022లో సర్దుకుంది. ధర తక్కువ, దర్జా ఎక్కువ. పక్క అద్దం ఒకటి పగిలితే రాయపూర్, నాగపూర్, ఢిల్లీ అన్నిచోట్లా మీకు కొత్త పరిచయాలు ఏర్పడతాయి. పాత మారుతీ 800 లాంటి వాటిలో, శాంత్రోలో టైమింగ్ బెల్టు ఉంటుంది. తర్వాత వచ్చిన మారుతీ కె-సిరీస్ ఇంజన్లలో గొలుసు. బెల్టు చివరిసారి ఎప్పుడు మార్చారని అడక్కండి. తెగిన రోజు అదే చెబుతుంది.

2003లో దక్షిణ తూర్పు మధ్య రైల్వేకి ఈ ఊరు ప్రధాన కేంద్రం అయిన దగ్గర్నుంచి ట్రాన్స్‌ఫర్ల మీద వచ్చేవారు, పోయేవారు ఎక్కువ. "ఆర్డర్లు వచ్చేశాయి గురువుగారూ, లేకపోతే ఈ బండిని అమ్మేవాణ్ణా" అన్న మాట వినగానే అడ్వాన్సు ఇచ్చేయండి. ఆర్డరు కాగితం చూడకండి, బండి కాగితాలు అసలే చూడకండి. మన విజయనగరం నుంచి తెచ్చిన ఏపీ 35 బండి దొరికితే ఇంకా మంచిది. నంబరు ప్లేటు చూస్తేనే ఊరు వెళ్ళొచ్చినట్టుంటుంది. పన్నెండు నెలలు దాటితే ఇక్కడ కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ అంటుంది. దానికి ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడి పన్ను కట్టాలి. సీజీ 10 నంబరు ఎందుకు, దర్జాగా తిరగండి. పదిహేనేళ్ళు నిండడానికి రెండు నెలలున్న కారు మరీ చవక. ఆర్‌సీ రెన్యువల్ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల బదులు 5,000 అయిందని మీ ఇంట్లోవాళ్ళకి చెప్పకండి. పేరు మార్పుకి కావలసిన ఫారం 29, 30 మీద సంతకాలు చేయించుకుని తేదీ వేయకుండా బీరువాలో దాచుకోండి. ఇన్సూరెన్సు పద్నాలుగు రోజుల్లో మీ పేరుకి మార్చుకోవాలన్న మాటని కూడా అదే బీరువాలో పెట్టండి. మీరు అమ్మేటప్పుడూ ఇదే పద్ధతి. చేతులు మారి మారి వెళ్ళిన కారు ఎవరినో గుద్దితే, ఆర్‌సీలో ఎవరి పేరుంటే నష్టపరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు వాళ్ళకి మన కాలనీ సంగతులు ఏం తెలుసు?

ఇక యజమానిగా అనుభవం చెప్పే విద్య. ఇది వస్తే ఏ బండైనా నమ్మకమైనదే. బ్యాటరీ చచ్చిందా? అది బ్యాటరీ కంపెనీ తప్పు, కారుది కాదు. నెహ్రూ చౌక్‌లో క్లచ్ కేబుల్ తెగిందా? కేబుల్ ఎప్పుడో ఒకప్పుడు తెగాల్సిందే. పాపం, బండేం చేస్తుంది? అమర్‌కంటక్ వెళ్తూ దారిలో రేడియేటర్ పొంగి, పిల్లలు తాగాల్సిన నీళ్ళు దానికి పోశారా? ఎండల తప్పు, పైగా కూలెంట్ బదులు బోరునీళ్ళు పోయమన్న మీ తమ్ముడి తప్పు. ఏసీ చల్లబడటం లేదంటే కండెన్సర్ నిండా బొగ్గుదుమ్ము. కోర్బా గనుల మీద రాయండి. వర్షంలో స్టార్టు కాకపోతే నలుగురు కుర్రాళ్ళు తోశారు, వాళ్ళకి వ్యాయామం. ఇవన్నీ తీసేశాక మిగిలిన కారు మిమ్మల్ని ఒక్కనాడూ ఇబ్బంది పెట్టలేదు. అబద్ధం ఎక్కడుంది?

ఆకర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో దీని మీదే వ్యాసం రాశాడు. బండి లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. కాబట్టి కొనేవాడు అన్ని బండ్లకీ తక్కువే ఇస్తాడు. ఆ ధరకి మంచి బండి ఉన్నవాడు అమ్మడు, చెడ్డవే సంతకి వస్తాయి. ముందు మూడు పత్రికలు ఆ వ్యాసాన్ని తిప్పి పంపాయి. 2001లో నోబెల్ ఇచ్చారు. మన కాలనీలో ఏ చాయ్ దుకాణం దగ్గర నిలుచున్నా ఆయనకి అంత కష్టం ఉండేది కాదు.

ఆఖరికి మీ వంతు వస్తుంది. ఫిబ్రవరి దాటనివ్వకండి. రిపేరు బిల్లులు ఒక్కటీ మిగలకుండా చించండి. ఆయిల్ కారిన మరకలు డీజిల్‌తో తుడిపించండి. కొనేవాళ్ళు వస్తామన్న వేళకి అరగంట ముందు ఇంజన్ వేడి చేయండి. రాగానే "ముందు టీ తాగండి అన్నయ్యగారూ" అని ట్రే తెచ్చి నేరుగా బానెట్ మీద పెట్టండి. కప్పులు ఖాళీ అయ్యాక బిస్కెట్లు తెప్పించండి. ట్రే తీసి బానెట్ ఎత్తమని అడిగేంత మొహమాటం లేని తెలుగువాడు బిలాస్‌పూర్‌లో ఇంకా తగల్లేదు.