మూడు నిమిషాల్లో తిరుపతి

పాకాల నుంచి హైదరాబాదుకు విమాన దూరం సుమారు 440 కిలోమీటర్లు, ప్రయాణం 33 నిమిషాలు. కంప్యూటరే లెక్క కట్టి చెబుతోంది, కాదనడానికి మనమెవరం? కాకపోతే ఆ విమానం పాకాలలో ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పి ఉంటే పెట్టె సర్దుకునేవాళ్ళం. జంక్షన్ ప్లాట్‌ఫారం మీదా, దామలచెరువు మామిడి మండీలోనా?

దీని వెనక బ్రహ్మవిద్యేం లేదు. రెండు ఊళ్ళ అక్షాంశ రేఖాంశాలు పట్టుకుని, భూగోళం వంపు మీద దగ్గరి గీత గీసి, గంటకు 800 కిలోమీటర్ల చొప్పున భాగిస్తారు. ఆ లెక్కన పాకాల నుంచి తిరుపతి మూడు నిమిషాలు. ఇది తెలియకే మనవాళ్ళు నేండ్రగుంట దగ్గర హైవే ఎక్కి బస్సులో గంటసేపు కమ్మీ పట్టుకుని వేలాడుతున్నారు.

గీతకు ఇల్లూ వాకిలీ లేవు, లగేజీ అసలే లేదు. కూతురింటికి బయల్దేరిన పెద్దాయనకు అన్నీ ఉన్నాయి. చీకటితో లేచి, ఆటో, బస్సు, మళ్ళీ ఆటో మారి రేణిగుంట విమానాశ్రయం చేరాలి. విమానం కదలడానికి గంట ముందే కౌంటరు మూసేస్తారు. రొప్పుతూ పోయి అట్టపెట్టెను తూకం మీద పెట్టాడు. పదిహేను కిలోలు దాటింది.

"ఎక్స్‌ట్రా కట్టాలి సార్."

"మామిడిపండ్లు నాయనా, బిడ్డకు తీసకపోతా ఉండా. బేనీషాలు!"

బేనీషా అయినా తోతాపురి అయినా తూకానికి కిలో కిలోనే. పైన పడిన నాలుగు కిలోలకు కట్టిన డబ్బుతో మండీలో ఇంకో బుట్ట వచ్చేది.

ఇక గాల్లో అరగంట చాలనుకున్న దూరానికి టైంటేబుల్లో గంటకు పైనే వేస్తారు. నేల మీద పాకాలి, రన్‌వే ఖాళీ అయ్యేదాకా కాచుకోవాలి, అక్కడా చక్కర్లు కొట్టాలి. శంషాబాదులో దిగాక కూకట్‌పల్లి చేరడం వేరే తీర్థయాత్ర. సాయంత్రం పాకాలలో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు ఒక నిద్ర తీసి లేస్తే కాచిగూడ. పండ్లపెట్టె సీటు కిందే ఉంటుంది, తూచే నాథుడు లేడు. అయినా పెళ్ళిళ్ళలో "గంటలో వచ్చి వాలిపోయినా" అని చెప్పుకునే భోగం రైలు టికెట్టుకు రాదు, అది ఒప్పుకోవాల్సిందే.

ఏలినవారికీ ఈ గీతల లెక్కంటేనే ముద్దు. 2015లో ప్రధాని మోదీ రేణిగుంటలో గరుడ టెర్మినల్ ప్రారంభించారు. తర్వాత అంతర్జాతీయ హోదా కూడా దయచేశారు. కువైట్‌కు పనికి పోయే సీమ మనిషి మాత్రం అప్పు చేసి కారు మాట్లాడుకుని, మద్రాసు పోయి విమానం ఎక్కుతున్నాడు. హోదాకేం, అది ఎక్కడికీ పోలేదు. రేణిగుంటలోనే భద్రంగా ఉంది.