మా ఇంటికి వైరింగు చేసిన సంతకం

మా పై అంతస్తుకు వైరింగు చేసినవాళ్ళు ఇద్దరు. ఒకాయన గోడలకు గాడి కొట్టి, పైపులు వేసి, వైరు లాగి, బోర్డులు బిగించాడు. రెండో ఆయన సంతకం పెట్టాడు. మొదటాయన పనికి ఇరవై రెండు రోజులు పట్టింది. రెండో ఆయన పనికి, పెన్ను వెతుక్కోవడంతో కలిపి, మూడు నిమిషాలు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు. మొదటాయన జేబులో పర్మిట్ లేదు, రెండో ఆయనకు మా ఇల్లు ఏ వీధిలో ఉందో తెలియదు. అయినా చట్టం లెక్కలో మా ఇంట్లో బల్బు వెలుగుతోందంటే అది రెండో ఆయన చలవే.

మొదటాయన్ని వీధంతా కరెంటబ్బాయి అంటారు. అబ్బాయికి నలభై ఎనిమిదేళ్ళు. పెద్ద కూతురి పెళ్ళి కూడా చేశాడు. తీగ పట్టుకున్నవాడు మన దగ్గర షష్టిపూర్తి దాకా అబ్బాయే. సంతకం పెట్టినవాడు మాత్రం మొదటిరోజు నుంచీ గారే.

ఊరికే ఉండక నేను రూలు తీసి చదివాను. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వది. వినియోగదారుడి ఇంట్లో కొత్త వైరింగైనా, ఉన్నదానికి మార్పైనా, మరమ్మతైనా ప్రభుత్వ లైసెన్సున్న కాంట్రాక్టరే చేయించాలి. సామర్థ్య ధ్రువపత్రం ఉన్న మనిషి దగ్గరుండి చూడాలి. పర్మిట్ ఉన్న మనిషి పని చెయ్యాలి. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ కొత్త నిబంధనలు తెచ్చినప్పుడు కూడా ఈ మాట వచ్చి 29వ నంబరులో కూర్చుంది. మినహాయింపు ఒక్కటే: బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు, ఇంట్లో వాడే చిన్నాచితకా సామాను పాడైతే మార్చుకోవచ్చు. అదీ వైరింగు సామర్థ్యమూ స్వభావమూ మారకుండా.

అంటే స్విచ్చు పోతే నేనే మార్చుకోవచ్చు. అదే స్విచ్చును మా అమ్మకు అందేటట్టు జానెడు కిందికి దించాలంటే మాత్రం ముగ్గురు కావాలి. కాంట్రాక్టరు, సూపర్‌వైజరు, వైర్‌మ్యాను. ఇంటికొచ్చిన ముగ్గురికీ కాఫీ ఇవ్వకపోతే బాగుండదు. గ్యాసు అయిపోయింది కాబట్టి ఇండక్షన్ పొయ్యి మీద పెట్టాలి. దానికి వంటింట్లో పెద్ద పాయింటు లేదు. పాయింటు వేయాలంటే మళ్ళీ ముగ్గురు రావాలి.

రూలు తప్పని నేను అనడం లేదు. వెయ్యేళ్ళు నిలిచే రూలది. మనం దాన్ని ఎండా వానా తగలకుండా ఫైల్లో పెట్టాం, ఇంటిని బయట వదిలేశాం, అంతే. పైగా మినహాయింపు వాక్యాన్ని మన జాతి పట్టుకున్నట్టు ఇంకెవరూ పట్టుకుని ఉండరు. ఫ్యూజు మార్చుకోవచ్చన్నారా? మా నాన్నగారు మార్చేవారు. సన్న తీగ మాటిమాటికీ పోతోందని విసుగొచ్చి, రాగి పోగులు నాలుగు కలిపి పేని వేశారు. ఆ తర్వాత ఆ ఫ్యూజు ఎన్నడూ పోలేదు. దాని బదులు ఒకసారి మోటారు పోయింది, ఇంకోసారి గోడలో వైరు పోయింది. ఫ్యూజు మాత్రం ఇప్పటికీ ఉంది, ఆయన జ్ఞాపకంగా.

మూడు కాళ్ళ ప్లగ్గులో పై కాలు లావుగా, పొడుగ్గా ఎందుకుంటుందో కరెంటబ్బాయే నాకు చెప్పాడు. ప్లగ్గు పెట్టేటప్పుడు ఎర్తు ముందు తగలాలి, తీసేటప్పుడు అందరికంటే చివర వదలాలి. ప్రాణం కాపాడే కాలది. రెండు కన్నాల బోర్డులో పట్టడం లేదని మనం కటింగ్ ప్లయరుతో విరగ్గొట్టేది సరిగ్గా దాన్నే. ప్లగ్గే దొరకనివాడు రెండు వైర్ల చివర్లు ఒలిచి, కన్నాల్లో దూర్చి, జారకుండా అగ్గిపుల్లలు గుచ్చుతాడు. దీనికి పర్మిట్ అక్కర్లేదు, పుల్ల ఉంటే చాలు.

సరే, సంతకమాయన సంగతి. కొత్త సర్వీసుకు దరఖాస్తు పెట్టాలంటే వైరింగు పూర్తయిందని, పరీక్షించామని లైసెన్సుదారు రాసివ్వాలి. కరెంటబ్బాయి ఒక షాపు పేరు చెప్పి, "అక్కడికెళ్ళండి సార్, ఫలానా రేటు, బేరం ఆడకండి, ఆయనకు కోపమొస్తుంది" అన్నాడు. వెళ్ళాను. గోడకు లైసెన్సు ఫ్రేము కట్టి ఉంది. పక్కన దేవుడి పటం. రెండింటికీ కలిపి ఒకే దండ. బీరువా పైన మెగ్గరు, చేత్తో తిప్పే పాత రకం. దసరా ఆయుధ పూజ నాటి పసుపు, కుంకుమ ఇంకా ఆరలేదన్నట్టున్నాయి దాని మీద.

మెగ్గరు చాలా నిజాయితీ గల సామాను. తీగకూ భూమికీ మధ్య 500 వోల్టుల డీసీ ఒక నిమిషం పెట్టి చూస్తే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కనీసం ఒక మెగా ఓమ్ ఉండాలి. ఉంటే ముల్లు అక్కడ నిలబడుతుంది, లేకపోతే పడిపోతుంది. దాని చేత అబద్ధం చెప్పించడం కుదరదు. అందుకే దాన్ని బీరువా పైనుంచి దించరు.

ఆయన ఫారం తీసి రీడింగు గళ్ళు చకచకా నింపేశాడు. నాకు గుండె గుభేలుమంది.

"అయ్యా, పైన హాల్లో ఇంకా వైరు లాగలేదండీ. పైపులే వేశారు."

"లాగుతారు కదండీ."

"లాగాక వచ్చి చూస్తారా?"

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "మాస్టారూ, నేను ఊళ్ళో ఇళ్ళన్నీ తిరిగి చూస్తూ కూర్చుంటే, సంతకాలు ఎవడు పెడతాడు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అలా మా హాల్లో తీగ గోడలోకి వెళ్ళకముందే దాని ఆరోగ్యం కాగితం మీదికి వెళ్ళింది. రెండు ఎర్త్ పిట్లు కూడా రాశాడు. త్రీ ఫేజు కదా, రెండుంటే మర్యాదగా ఉంటుందట. మాకున్నది ఒక్కటే గొయ్యి. కరెంటబ్బాయి దగ్గరుండి తవ్వించి, జీఐ పైపు దించి, బొగ్గులూ ఉప్పూ పొరలు పొరలుగా పోయించాడు. రూళ్ళు చదవని మనిషి రూలు ప్రకారం చేసిన పని మా ఇంట్లో ఇదొక్కటే కాదు. ఆర్‌సీసీబీ పెట్టిద్దాం, 30 మిల్లీ ఆంపులు లీకైనా పడిపోతుంది, పిల్లలున్న ఇల్లు అని పోరుపెట్టిందీ ఆయనే. ఆ డబ్బుతో హాల్లో వేలాడే దీపం వస్తుంది కదా అని అడ్డం పడింది నేను. చివరికి ఇంటావిడ ఆయన పక్షం చేరడంతో ఓడిపోయాను.

మరి పర్మిట్ ఎందుకు తీసుకోలేదయ్యా అని అడగకుండా ఉంటానా? అడిగాను.

"తీసుకున్నాను సార్. హైదరాబాదులో పని చేసేటప్పుడు. రాష్ట్రం విడిపోయాక. ఇక్కడికొచ్చేశాక అది అక్కడిదన్నారు."

ఇందులో ఆయన్ని తప్పు పట్టలేం. ఏ రాష్ట్రంలో పని చేస్తే అక్కడి ప్రభుత్వమే పర్మిట్ ఇవ్వాలి, లేదా గుర్తించాలి. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు 765 కిలోవోల్టుల లైను పుణ్యమా అని దక్షిణాది గ్రిడ్డు దేశం గ్రిడ్డుతో కలిసింది. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా కరెంటు ఒక్కటైంది. అయిదు నెలల రెండు రోజులకు, 2014 జూన్ 2న, మన రాష్ట్రం రెండైంది. అప్పట్నుంచి కరెంటు ఎవర్నీ అడక్కుండా కృష్ణ దాటుతోంది. దాన్ని బిగించేవాడు మాత్రం గుర్తింపు కాగితం కోసం ఒడ్డున ఆగాలి.

ఆ కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన రోజుల్లో ఎవరి ఇంట్లోనో పాయింట్లు పోతాయి, ఆ రోజు కూలీ పోతుంది. ఉన్న కాగితాన్ని లామినేషన్ చేయించి సామాన్ల సంచి అడుగున పెట్టుకున్నాడు. దాని మీద ఇప్పుడు ఇన్సులేషన్ టేపులు పడుకుంటున్నాయి.

పర్మిట్ ఉన్న వైర్‌మ్యాను మా ఊళ్ళో లేడా అంటే, ఉన్నాడు. మొదట ఆయన్నే పిలిచాను. పాయింటుకి చెప్పిన రేటు విని, మళ్ళీ కబురు చేస్తానని పంపేశాను. ఇది పాఠకులకు చెప్పకుండా దాటేద్దామనే అనుకున్నాను.

దేశంలో షాకు కొట్టి పోతున్నవాళ్ళు ఏటా పది వేలు దాటుతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చెబుతాయి. ఒక మనిషి పోతే 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ లేచి కూర్చుంటుంది. ఇన్‌స్పెక్టరుకు నోటీసు వెళ్తుంది, విచారణ జరుగుతుంది. లైసెన్సు ఏది, పర్మిట్ ఏది, ఎవరు చేశారు, ఎవరు చూశారు అని అప్పుడు అడుగుతారు. అన్నీ న్యాయమైన ప్రశ్నలే. పోయినవాడు కూడా బతికుండగా ఇవే అడిగి ఉండాల్సింది, పాపం పాయింటు రేటు అడిగి ఊరుకున్నాడు.

మొన్న మీటరు బిగించడానికి మనిషి వచ్చాడు. చేతిలో మా కాగితం. ఎండలో వచ్చాడని ఇంటావిడ మజ్జిగ ఇచ్చింది. గ్లాసు ఖాళీ చేసి, కాగితం చూసి, "ఎర్తింగ్ ఏదమ్మా?" అన్నాడు.

ఆవిడ మల్లెపాదు చూపించింది. ఎర్త్ గొయ్యి దాని మొదట్లోనే ఉంది. రోజూ రెండు బిందెలు నీళ్ళు పడుతుండటంతో చెట్టూ ఎర్తూ రెండూ పచ్చగా ఉన్నాయి.

"బాగుంది. నీళ్ళు మానకండి" అని మళ్ళీ కాగితం చూశాడు. "ఇందులో రెండున్నాయే. రెండోది?"

ఇంటావిడ నన్ను చూసింది. నేను కరెంటబ్బాయిని చూశాను. కరెంటబ్బాయి ఎటు చూడాలో తెలియక, పెరటి వైపు చూశాడు. మీటరు మనిషి ఆ చూపు పట్టుకుని వెళ్ళాడు. అక్కడున్నది మా తులసికోట.

ఆయన కాసేపు నిలబడ్డాడు. కాళ్ళకున్న రబ్బరు చెప్పులు విడిచాడు. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. తిరిగి వచ్చి, ఒట్టి కాళ్ళతోనే మీటరు బిగించి వెళ్ళాడు.