కొలతలు ఆమెకు, కోతలు ఏలినవారికి

పల్లెటూరి ఆడవాళ్లు ఒళ్లు వంచడం లేదట. అందుకే నడుములు లావెక్కుతున్నాయట. ఈ మాట అంటున్నదెవరు? మొదటి అంతస్తుకు కూడా లిఫ్టు కోసం కాచుకునే పెద్దమనుషులు! నాట్లు వేసేది రోబోలని అనలేదు, ఇంకా నయం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తిరగేయండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో అధిక బరువు, ఊబకాయం ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. అదే సర్వేలో రక్తహీనత? రెండు చోట్లా నూటికి 57 మంది పైనే. ఒంట్లో కొవ్వుంది, నెత్తురు లేదు. ఇది తిని కూర్చున్న ఒళ్లా? అన్నం తప్ప మరోటి ఎరగని ఒళ్లా?

ఏలినవారి వైద్యం చూడండి. 2025 జూన్ 21న విశాఖ తీరంలో 3 లక్షల మందితో ఆసనాలు వేయించి గిన్నిస్‌కెక్కారు. శుభం. రికార్డుల పుస్తకం బరువు పెరిగింది, పల్లెలో ఎవరి బరువు తగ్గింది? తెలంగాణ ఏమైనా తక్కువ తిందా? 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణం బోర్డు పాతింది. బోర్డు కింద ఒక్క ఆడమనిషి ఆడగా చూసినవారుంటే చెయ్యెత్తండి.

ఇక ఆశా కార్యకర్త చేతిలోని ఫారం. 30 దాటినవాళ్లకు షుగరు, బీపీ ముప్పు ఎంతో లెక్కగట్టేది ఇదే. వయసెంత, పొగాకు అలవాటుందా, ఇంట్లో ఎవరికైనా షుగరుందా, వారానికి 150 నిమిషాలు ఒళ్లు వంచుతావా?

‘‘అక్కా, ఎక్సర్‌సైజు ఏమన్న చేస్తున్నవా?’’

‘‘పొద్దుగాల మడిల దిగితే పొద్దుగూకినంక ఎక్కిన. నడుము ఇరిగింది. గది లెక్కకు రాదా చెల్లే?’’

లెక్కకొచ్చింది. సున్నా పడింది. ఈ పరీక్షలో సున్నా అంటే ఫస్టు క్లాసు. తర్వాత నడుముకు టేపు చుట్టారు. ఆడవాళ్లకు హద్దు 80 సెంటీమీటర్లు. అక్కకు 93. పడ్డాయి రెండు మార్కులు. అంత చాకిరీ చేసే నడుము ఇంత ఎందుకైంది? ఫారానికి ఆ అనుమానమే రాదు. ఏ పొయ్యి మీద వండుతావని అడుగుతుంది. దాని మీద ఏం ఉడుకుతోందని మాత్రం అడగదు! అన్నం, పచ్చిపులుసు, తొక్కు. మళ్లీ అన్నం. అడిగితే జవాబు సర్కారు మెడకే చుట్టుకుంటుందిగా. మగవాళ్లకు హద్దు 90 అట. ఓసారి ఆ టేపు శాసనసభకు పట్టుకెళ్లండి. ఒకటి చాలదు, రెండు ముడేసుకోండి.

నాట్లు మాత్రం ఎన్నాళ్లుంటాయి? కలుపు పని కలుపు మందు మింగింది. కోత పని మిషను మింగింది. కైకిలి పోయింది, పళ్లెంలో అన్నం కుప్ప పోలేదు. పోనీ సాయంత్రం రోడ్డు మీద నాలుగడుగులు వేద్దామా? ‘‘ఏందే, పని లేదా?’’ అని అరుగు మీద పని లేని మగరాయుళ్ల పలకరింపు.

తెలంగాణలో రేషను మనిషికి నెలకు 6 కిలోల బియ్యం. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం. మంచిదే, ఆకలి తెలిసినవాడు దాన్ని వెక్కిరించడు. కానీ బియ్యానికి కట్టినంత ఫ్లెక్సీ పప్పుకు ఎన్నడైనా కట్టారా? గర్భిణికీ బాలింతకూ అంగన్‌వాడీలో గుడ్డు పెడతారు. ఆ తర్వాత బంద్! బిడ్డ కోసమైతేనే ఆడదాని ఒంటికి మాంసకృత్తులు కావాలా? తిండి నుంచి వచ్చే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని జాతీయ పోషకాహార సంస్థ 2024లో మార్గదర్శకాలిచ్చింది. ఆ సంస్థ ఎక్కడో ఢిల్లీలో లేదు, మన తార్నాకలోనే ఉంది. అక్కడి నుంచి సచివాలయానికి ఎంత దూరమండీ? ఆ కాగితం ఇంకా ట్రాఫిక్‌లోనే ఇరుక్కుందా?

ఇంతా అయ్యాక అక్కకు షుగరొచ్చింది. డాక్టరు గారు తలెత్తకుండానే చీటీ రాశారు. అన్నం తగ్గించు, పండ్లు తిను, మొలకలు తిను, రోజూ గుప్పెడు బాదం తిను. అక్క చీటీ మడిచి కొంగున కట్టుకుంది.

‘‘తింట సారూ. బాదాం రేషన్ల ఎప్పటి సంది ఇస్తరు?’’