చిన్నోడి సాక్ష్యం

మాది చందుర్తి. ఈ చుట్టుపక్కల గ్రానైట్ గుట్టల్లో, సుమారు 250 కోట్ల ఏండ్ల కింద పుట్టాను. పేరు జిర్కాన్, ఓ ఖనిజం రేణువును. ఒళ్ళు వెంట్రుక మందమే.

కరిగిన రాయి చల్లబడుతుంటే గట్టిపడ్డాను. అప్పుడు కొంత యురేనియాన్ని ఒంట్లోకి రానిచ్చాను, సీసాన్ని మాత్రం దాదాపుగా గడప తొక్కనీయలేదు. ఆ యురేనియమే లోలోపల సీసంగా మారుతూ వచ్చింది. యురేనియం-238 సగానికి తగ్గాలంటే దాదాపు 447 కోట్ల ఏండ్లు పడుతుంది, 235కు 70 కోట్లు. రెండు లెక్కలూ ఒకే వయసు చెబితే శాస్త్రవేత్తలు నా మాట నమ్ముతారు. తేడా వస్తే మధ్యలో సీసం జారిపోయిందని పట్టేస్తారు.

ఎండావానలకు గుట్ట పెచ్చులూడింది. పక్కనున్న ఫెల్డ్‌స్పార్ మట్టిలో కలిసిపోయింది, నేను అరగలేదు. దొర్లి దొర్లి వేములవాడ పక్కన పారే మూలవాగు ఇసుకలో చేరాను.

మావాళ్ళు ఇట్లాగే పాత నదుల ఇసుకలో పడి, ఆ ఇసుక రాయైతే అందులోనే ఉండిపోయారు. శాస్త్రవేత్తలు ఆ రాయిని దంచి, జల్లించి, బరువైన ద్రవంలో వేస్తారు. క్వార్ట్జ్ తేలుతుంది, మేం మునుగుతాం. మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కరినీ ఏరి, జిగురులో బిగించి, సగం దాకా సానపెడతారు. లోపల చెట్టు మొద్దులో ఉన్నట్టే వలయాలు కనిపిస్తాయి. లేజర్ అక్కడ చుక్కంత గుంట పెడుతుంది, లేచిన పొడి యురేనియం, సీసం లెక్క తేల్చే మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పోతుంది.

గోదావరి లోయలోని సోమన్‌పల్లి రాళ్ళకు ఈ పరీక్ష చేసి 2015లో ఫలితాలు అచ్చేశారు. ఎక్కువమంది మూడు గుంపులుగా తేలారు: 350 కోట్లు, 248 కోట్లు, 162 కోట్ల ఏండ్ల వాళ్ళు. 380 కోట్ల ముసలివాళ్ళూ కొందరున్నారు. వాళ్ళను చూసి ముచ్చటపడొచ్చు గానీ, రాయి ఎప్పటిదో తేల్చే పంచాయితీలో చెల్లేది చిన్నోడి సాక్ష్యమే. 162 కోట్ల ఏండ్ల కింద పుట్టినవాడు లోపల ఉన్నాడంటే, ఆ ఇసుక అంతకు ముందు పేరుకునే వీల్లేదు కదా!

ఇక వీళ్ళ ఊరేది? పాత ప్రవాహం ఎటు పారిందో చెప్పే గుర్తులు రాళ్ళలో ఉన్నాయి. ప్రవాహం దక్షిణం నుంచి వచ్చిందని అవి చూపించాయి. వయసులు కూడా అటు కృష్ణా ప్రాంతానికీ, అంటార్కిటికాలోని ఎండర్బీ ల్యాండ్‌కీ సరిపోయాయి. ఎండర్బీ నేల వచ్చి భారత భూఖండాన్ని గుద్దుకున్న కాలంలోనే గోదావరి లోయ చీలడం మొదలైందని శాస్త్రవేత్తల వాదన. మంచు ఖండం నుంచి మన గోదారి దాకా చుట్టరికం కలిపింది పిడికెడు ఇసుకే.

నా సంగతి వేరు. సముద్రం దాకా పోదామంటే దారిలో మిడ్ మానేరు డ్యామ్ ఉంది. అంతకు ముందే ట్రాక్టర్‌లో ఎక్కిస్తే ఎవరి ఇంటి స్లాబ్‌లోనో కూర్చుంటాను. ఎప్పుడో ఒకడు ఆ స్లాబ్‌ను దంచి, అందరికంటే చిన్నవాడిని నేనే అని తేల్చి, ఇది 250 కోట్ల ఏండ్ల కంటే పాతది కాదని రాసుకుంటాడు. తప్పని ఎట్లంటాం? కాకపోతే ఆ ఇల్లు కట్టింది నిరుడే.