గన్నప్ప

బళ్ళారిలో వీధికొక గన్నప్ప ఉంటాడు. గాంధీనగర్‌లో ఒకడు, సత్యనారాయణపేటలో ఒకడు. కౌల్ బజార్‌లో ఇద్దరున్నారని వినికిడి, వాళ్ళిద్దరికీ మాటల్లేవట. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఏదో ఉంటుంది. ఆదివారం పొద్దున ఏడు కాకముందే వీధంతా లేచేలా ‘టటటట’మని మోగించి ఈ పేరు సంపాదించుకున్నాడు. చేతిలో బ్యాటరీ గన్ను, మోకాళ్ళ కింద గోనెపట్టా, ఎదురుగా ఏ పాపమూ ఎరగని కారు.

గన్ను అంటే ఇంపాక్ట్ రెంచ్. హైవే పక్క పంక్చర్ షాపులో గాలి గొట్టానికి తగిలించి ఉంటుందే, దానికి ఇంటి తమ్ముడు. లోపల మోటారు ఒక చిన్న సుత్తిని తిప్పుతుంది, ఆ సుత్తి దడదడా కొడుతుంటే ఎంత మొండి నట్టయినా దిగొస్తుంది. మన పానాతో కాలెత్తి తొక్కినా కదలని నట్టు దీనికి రెండు సెకన్ల పని.

ఈ మోజు ఎక్కడ పుట్టిందో ఊహించడం కష్టం కాదు. గనులు జోరుగా నడిచిన రోజుల్లో సండూరు నుంచి టిప్పర్లు రాత్రీపగలూ తిరిగి హొసపేట రోడ్డును రోడ్డనడానికి వీల్లేకుండా చేశాయి. 2011లో సుప్రీంకోర్టు గనులు ఆపేదాకా ఆ ఎర్రదుమ్ములో టైరు పేలి ఆగిన బండి కనబడని రోజు లేదు. డ్రైవరు పానాకి ఇనుప పైపు తొడిగి, దానిమీద ఎక్కి ఎగిరేవాడు. క్లీనరు పక్కన నిలబడి ‘ఇంకొంచెం అన్నా, ఇంకొంచెం’ అనేవాడు. అది చూసిన కుర్రవాడు యాభైకి దగ్గరపడి, నడుము పట్టేశాక, వేలకు వేలు పోసి గన్ను కొన్నాడంటే తప్పు పట్టలేం. కొన్నాక చేసే పనులతోనే చిక్కు.

ముందు చక్రాలు వెనక్కీ, వెనకవి ముందుకీ పది వేల కిలోమీటర్లకోసారి మార్చుకోమంటాయి కారు కంపెనీలు. గన్నప్ప కారు ఏడాదంతా తిరిగినా పదివేలు దాటదు. దుర్గమ్మ గుడికీ, కూరగాయల మార్కెట్టుకీ, పెళ్ళిళ్ళకు గుంతకల్లుకీ, అంతే. అయినా అమావాస్య అమావాస్యకీ చక్రాలు స్థానాలు మారాల్సిందే. పూజ ఎలాగూ చేస్తున్నాం కదా, బండి కడిగాం కదా, పనిలో పని అంటాడు. ఏ చక్రం ఎప్పుడు ఎక్కడుందో పాల లెక్క రాసే నోటుబుక్కులో వెనకనుంచి రాసిపెట్టాడు. ఒకసారి ఆయన భార్య పాలవాడికి ‘ముందు ఎడమ’కి డబ్బులు లెక్కగట్టింది.

అయితే పని మాత్రం తెలిసినవాడు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. చక్రం నేలమీద ఉండగానే నట్లు పావు తిప్పు వదులు చేస్తాడు. ఎదురు చక్రానికి రాయి అడ్డం పెడతాడు. బళ్ళారి ఎండకు తారు మెత్తబడి జాకీ దిగబడుతుందని కింద చెక్కపలక వేస్తాడు. జాకీ ఒక్కదాన్నే నమ్మడు, స్టాండు పెట్టనిదే వేలు కూడా లోపలికి పోనివ్వడు. నట్లు చేత్తో నాలుగు చుట్లు తిప్పాకే గన్ను తాకిస్తాడు, అదీ ముట్టీ ముట్టనట్టు, ఎదురెదురు నట్లు వరసగా. ఇంత నేర్చినవాణ్ణి వెక్కిరిస్తున్నామే అని నాకూ ఒక్కోసారి అనిపిస్తుంది. అంతలో ఆయన రెండో డబ్బా తెరుస్తాడు.

రెండో డబ్బాలో టార్క్ రెంచ్ ఉంటుంది. చిన్న కార్ల నట్టుకు కావలసిన బిగింపు 100 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ. గన్నుల డబ్బాలమీద 300, 500, కొన్నిటిమీద 1000 కూడా రాసి ఉంటుంది. అదే ఊపులో బిగిస్తే బోల్టు సాగుతుంది, మర చెడుతుంది, బ్రేకు డిస్కు వంకరపోవచ్చు. కాబట్టి చివరి బిగింపు గన్నుతో కాదు, ఈ టార్క్ రెంచ్‌తో. చెప్పిన కొలత రాగానే అది ‘టక్’ అంటుంది. ఈ ‘టక్’ కోసమే గన్నప్ప బతుకుతున్నాడని నా అనుమానం. పాలవాణ్ణి ఆపి వినిపిస్తాడు. ట్యూషన్‌కి పోయే పిల్లల్ని పిలిచి వినిపిస్తాడు. ‘వినపడిందా?’ అంటాడు. వినపడలేదంటే మళ్ళీ మొదలవుతుంది కాబట్టి వీధిలో అందరికీ మొదటిసారే వినపడుతుంది.

మరి నిజంగా పంక్చరైతే? పంక్చర్ షాపుకే పోవాలి. అక్కడ ఈయన చేతులు కట్టుకుని నిలబడి, ‘గన్ను ముట్టుకోవద్దు, చేత్తోనే బిగించు’ అంటాడు. తన గన్ను మంచిది, లోకంలోని గన్నులన్నీ చెడ్డవి. షాపతను ఓపిగ్గా చాలాకాలం విన్నాడు. ఒకనాడు మాత్రం, ‘మీకు గన్నుంది సార్, నాకు పనుంది’ అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒక టీ రెండు గ్లాసుల్లో పోసుకుని తాగారు, అది వేరే సంగతి.

అసలు గండం చుట్టాలకు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి, బళ్ళారి మైసూరుకు వచ్చింది. చుట్టాలు మాత్రం పంపకానికి ఒప్పుకోక రెండువైపులా ఉండిపోయారు. పండగకు కార్లలో దిగుతారు. భోజనాలై, తాంబూలాలై, బయల్దేరేవేళకు గన్నప్ప వాళ్ళ కారు పక్కన మోకాళ్ళమీద ఉంటాడు. ‘ఎవరు బిగించినారప్పా ఇది? మనిషేనా?’ అని మొదలుపెడతాడు. ఇప్పేదాకా ఆగడు. బిగించిన నట్లు వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూసుకోవాలని శాస్త్రం. గుంతకల్లుకు పోయి వస్తే దాదాపు అంతే అవుతుంది. అందుకని గుంతకల్లు బావమరిదిని సాగనంపుతూ, ‘ఇంటికాడ దింపేసి మళ్ళీ రాప్పా, టక్ చూసుకుందాం’ అంటాడు. బావమరిది ఈ మధ్య రైల్లో వస్తున్నాడు.

ఏడాదిలో ఒక్కరోజు మాత్రం గన్నప్పకు పరీక్ష. ఆయుధపూజ. జాకీ, స్టాండ్లు, 17, 19, 21 నంబరు సాకెట్లు, గన్ను, దాని బ్యాటరీలు రెండూ పీటమీద చేరతాయి. ఒక్కోదానికీ కుంకుమబొట్టు. పూజలో పెట్టిన పనిముట్టు ఆ రోజు పనిచేయకూడదు. ఆయన వరండాలో అటూ ఇటూ తిరుగుతూ కుడిచేత్తో ఎడమచేతిని పట్టుకుని ఉంటాడు.

మొన్న దసరాకు బెంగళూరు అల్లుడు కొత్త కారులో వచ్చాడు. గుమ్మడికాయ దిష్టి తీసి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. గన్నప్ప ఐదోదాన్ని చేతిలో పట్టుకుని డిక్కీ దగ్గరికి నడిచాడు. స్టెప్నీ కూడా చక్రమే కదా, దానికీ దిష్టి తగులుతుంది. డిక్కీ తెరిచి, మ్యాట్టు ఎత్తి, లోపల చూసి, చాలాసేపు లేవలేదు.

‘స్టెప్నీ యాడుంది అల్లుడూ?’

‘రాదు మామా దీనికి. పంక్చర్ కిట్ ఇచ్చినారు. గాలి తగ్గితే స్క్రీన్‌మీద చెబుతుంది.’

‘స్టెప్నీ లేకుండా బండి అమ్మొచ్చా?’

అమ్మొచ్చు. ట్యూబ్‌లెస్ టైర్లూ, గాలి చూసే సెన్సర్లూ, రిపేరు కిట్టూ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లోనే కేంద్రం నిబంధన మార్చింది. అల్లుడు ఫోన్లో తీసి చూపించాడు. గన్నప్ప కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు, కింద సంతకం ఎవరిదో కూడా చూశాడు.

‘సరేలే. ఉన్న నాలుగైనా రేపు పొద్దున ఇప్పి చూద్దాం.’

‘రేపు పొద్దున ఐదుకే బయల్దేరుతున్నాం మామా.’

‘నాలుగుకు లేస్తా.’

అల్లుడు కారు తాళంచెవి జేబులో వేసుకుని, పైన చెయ్యి కూడా పెట్టుకున్నాడు. లోపల్నుంచి ఉగ్గాణి పళ్ళేలతో వచ్చిన అత్తగారు భర్త చేతిలోకి చూసింది.

‘ఊరికే పట్టుకోని నిలబడినారు, ఇట్లియ్యండి’ అని ఐదో నిమ్మకాయ తీసుకుని, కోసి, అల్లుడి పళ్ళెంలో పిండింది.